బీటెక్ అయ్యాక నేరుగా పీహెచ్‌డీ చేయొచ్చా? ఉద్యోగం మానేసి వెళ్తే డబ్బులకి ఎలా?

గోదారోడు_ఈసీఈ
అందరికీ నమస్తే. భీమవరం దగ్గర ఒక కాలేజీలో ఈసీఈ చేశాను, జేఎన్‌టీయూ కాకినాడ కింద, సీజీపీఏ 7.9. ఇప్పుడు బెంగళూరులో చిప్ వెరిఫికేషన్ ఉద్యోగం, రెండేళ్లు దాటింది. జీతం బాగానే ఉంది, ఆ విషయంలో ఏడుపు లేదు. కానీ ఎవరో చేసిన డిజైన్‌లో తప్పులు వెతకడమే పని, అసలు దాన్ని అలా ఎందుకు కట్టారు అని అడిగితే నీకెందుకు, టెస్ట్ రన్ చెయ్యి అంటారు. పోయిన గేట్‌లో (ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) స్కోర్ 600 దాటింది. ఎంటెక్ చేయకుండా నేరుగా పీహెచ్‌డీ చేరొచ్చా? ఇక్కడా, బయటా? ఫెలోషిప్‌తో బతకొచ్చా? ఇంట్లో కొంచెం పంపాలి కూడా. ఇంట్లోవాళ్లయితే "మళ్లీ చదువేంట్రా" దగ్గరే ఆగిపోయారు.

కంది_క్యాంపస్
చేరొచ్చు తమ్ముడూ. ఐఐఎస్‌సీ (బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్), ఐఐటీలు బీటెక్ వాళ్లని గేట్ మీద నేరుగా పీహెచ్‌డీలోకి తీసుకుంటాయి. గేట్ స్కోర్ మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి మళ్లీ రాయక్కర్లేదు. కాకపోతే 7.9 అంటున్నావు, డైరెక్ట్ పీహెచ్‌డీకి కొన్ని డిపార్ట్‌మెంట్లు ఎంటెక్ వాళ్లకంటే ఎక్కువ కటాఫ్ పెడతాయి, ఒక్కో చోటా ఒక్కోలా ఉంటుంది, నోటిఫికేషన్‌లో నీ డిపార్ట్‌మెంట్ లైన్ చూడు, మొదటి పేజీ చూసి వదిలేయకు.

మనవాళ్లు పెద్దగా పట్టించుకోని దారి ఇంకోటి ఉంది. ఐఐటీ మద్రాస్‌లో ఎంఎస్ బై రీసెర్చ్, ఐఐఎస్‌సీలో ఎంటెక్ రీసెర్చ్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఎంఎస్ బై రీసెర్చ్. మద్రాస్‌లో, ఐఐఎస్‌సీలో అయితే పని బాగుంటే మధ్యలోనే పీహెచ్‌డీకి మార్చుకోవచ్చు. నచ్చకపోతే మాస్టర్స్ తీసుకుని బయటికి రావచ్చు. రీసెర్చ్ మనకి పడుతుందో లేదో తెలియనివాళ్లకి ఇంతకంటే సేఫ్ దారి నాకు కనబడలేదు.

హబ్సిగూడ_పిల్ల
డబ్బుల సంగతి నేను చెప్తా, ఎందుకంటే అందరూ ఇక్కడికి రాగానే గొంతు తగ్గించేస్తారు.

జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000, రెండేళ్ల తర్వాత రివ్యూ పాసైతే ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. 2023 జనవరి నుంచి ఇదే రేటు, అంతకుముందు 31, 35 వేలు ఉండేది. దీని మీద హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) ఉంటుంది కానీ హాస్టల్‌లో ఉంటే రాదు. ఐఐటీల్లో సంస్థ ఇచ్చే ఫెలోషిప్ కూడా దాదాపు ఇదే. పీఎంఆర్ఎఫ్ (ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే వేరే లోకం, మొదట్లో 70,000, చివరి రెండేళ్లు 80,000, దాంతోపాటు ఏడాదికి రెండు లక్షల రీసెర్చ్ గ్రాంట్. కానీ అది అందరికీ వచ్చేది కాదు, దాన్ని లెక్కలో వేసుకుని ఉద్యోగం మానకు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఫెలోషిప్‌లన్నీ మహా అయితే అయిదేళ్లు. థీసిస్ మాత్రం అయిదేళ్లలో అయ్యేవాళ్లు మా ల్యాబ్‌లో తక్కువ. ఆరో ఏడు ఎవరిస్తారు? గైడ్ దగ్గర ప్రాజెక్ట్ ఉంటే దాంట్లోంచి ఏదో ఒకటి, లేకపోతే ఇంట్లో వాళ్లే. రెండోది, ఫెలోషిప్ ప్రతి నెలా ఒకటో తారీఖున పడుతుందనుకోకు. మాకు నెలల తరబడి ఆగి, తర్వాత అంతా ఒకేసారి పడిన సందర్భాలున్నాయి, ఆలోపు మెస్ బిల్లుకి అప్పు. ఇంట్లో పంపాలి అన్నావు కాబట్టి చెప్తున్నా, చేరేముందు కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకో.

సర్క్యూట్_సుబ్బు
హబ్సిగూడ అక్క చెప్పింది నిజం కానీ మరీ భయపెట్టేలా ఉంది 😀 గోదారోడు, నువ్వు ఎలక్ట్రానిక్స్ కాబట్టి విశ్వేశ్వరయ్య పీహెచ్‌డీ స్కీమ్ చూడు. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖది, 2014లో మొదలైంది, ఫుల్ టైమ్‌కీ పార్ట్ టైమ్‌కీ రెండింటికీ ఉంది. డబ్బు మామూలు జేఆర్ఎఫ్ కంటే కొంచెం ఎక్కువే. సీట్లు కాలేజీలవారీగా ఇస్తారు, అందుకే అడ్మిషన్ అప్పుడు డిపార్ట్‌మెంట్ ఆఫీసులోనే అడగాలి, ఈ ఏడాది మీ దగ్గర ఆ స్లాట్ ఉందా అని.

ఉద్యోగం వదలకుండా అయితే ఐఐఎస్‌సీలో ఎక్స్‌టర్నల్ రిజిస్ట్రేషన్ అని ఉంది, నువ్వు ఉన్నది బెంగళూరులోనే. కాకపోతే కంపెనీ ఒప్పుకుని రాసివ్వాలి, కంపెనీ లోపల ఒకరు కో-గైడ్‌గా ఉండాలి. సర్వీస్ కంపెనీలు ఇలాంటివాటికి సాధారణంగా మొహం చిట్లిస్తాయి. సొంత చిప్ చేసుకునే కంపెనీల్లో అవకాశం ఎక్కువ.

ఆల్_ఇండియా_ఆశావహుడు
అన్నలూ ఏ బ్రాంచ్ అయినా పర్లేదు, ఎక్కడ పీహెచ్‌డీ ఓపెనింగ్స్ ఉంటే అక్కడ లింకులు పెట్టండి, ఎంఎస్‌సీ ఫిజిక్స్ నాది

హబ్సిగూడ_పిల్ల
ఏ బ్రాంచ్ అయినా పర్లేదు అన్నవాళ్లని ఏ బ్రాంచ్‌వాళ్లూ తీసుకోరు బాబూ. ఎంఎస్‌సీ ఫిజిక్స్ అయితే నీకు ఫెలోషిప్, లెక్చరర్ అర్హతకి రాసే సీఎస్‌ఐఆర్ నెట్ ఏడాదికి రెండుసార్లు, ఫిజిక్స్ పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష జెస్ట్ ఏడాదికి ఒకసారి, టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) వాళ్ల సొంత పరీక్ష వేరే. టీఐఎఫ్‌ఆర్‌కి హైదరాబాద్‌లోనే గోపన్‌పల్లిలో క్యాంపస్ ఉంది, అది కూడా తెలియనివాళ్లు బోలెడుమంది. జేఆర్ఎఫ్ రాకపోయినా నెట్ వృథా కాదు, 2024 జూన్ నుంచి నెట్ ఫలితాన్ని మూడు రకాలుగా ఇస్తున్నారు: జేఆర్ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రమే. ఆ మూడోది ఏడాదిపాటు పనికొస్తుంది. యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంక్ ఉంటే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ కూడా చూసుకో.

ఆల్_ఇండియా_ఆశావహుడు
ఫస్ట్ ర్యాంక్ లేదు అక్కా 🙏 జెస్ట్ గురించి ఇప్పుడే వింటున్నా

ఎల్బే_ఒడ్డున
జర్మనీ నుంచి. మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ, వరంగల్ ఎన్‌ఐటీలో ఎంటెక్ చేసి వచ్చాను. గోదారోడు గారూ, ఇక్కడ బీటెక్‌తో నేరుగా చేరడం అరుదు, చాలా చోట్ల మాస్టర్స్ తప్పనిసరి, కొన్ని మాక్స్ ప్లాంక్ స్కూళ్లలో తప్ప. అది ముందే తెలుసుకోండి, లేకపోతే మెయిళ్లు పంపి పంపి అలసిపోతారు.

ఇక్కడ పీహెచ్‌డీ అంటే ఎక్కువగా ఉద్యోగమే. కాంట్రాక్ట్, జీతం, పెన్షన్, ఆరోగ్య బీమా, లీవులు అన్నీ ఉంటాయి, సంతకం పెట్టాక బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు జమ చేసే ఖాతా) గొడవ కూడా లేదు. కానీ ప్రకటనలో ఒక చిన్న శాతం రాసి ఉంటుంది, దాన్ని చూడకుండా మురిసిపోకూడదు. ఈ13 (ఇక్కడి ప్రభుత్వ జీతాల గ్రేడ్) జీతం అని పెద్దగా రాసి, పక్కన 65 శాతం అనో 75 శాతం అనో ఉంటుంది. జీతం ఆ శాతమే, పని మాత్రం నూటికి నూరు. ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్లలో వంద శాతం కాంట్రాక్ట్‌లు దొరుకుతాయి, బయాలజీ వాళ్లకి సగమే ఇచ్చే చోట్లు ఉన్నాయి. కాంట్రాక్ట్ ఎన్నేళ్లకో కూడా అడగండి, మూడేళ్లకి రాసి "తర్వాత చూద్దాం" అంటే ఆ తర్వాత ఏంటో ఇంటర్వ్యూలోనే తేల్చుకోండి.

యూరప్ అంతటా చూస్తే ఈయూ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లు బాగుంటాయి, యూరాక్సెస్ సైట్‌లో ప్రకటనలు వస్తాయి. దానికి ఒక రూల్ ఉంది: మిమ్మల్ని తీసుకునే దేశంలో గత మూడేళ్లలో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. అంటే మన ఊరినుంచి నేరుగా అప్లై చేసేవాడికే అనుకూలం. జర్మనీలో మాస్టర్స్ చేసినవాడు జర్మనీ సీటుకే పనికిరాడు, వాడు నెదర్లాండ్స్‌కో స్వీడన్‌కో వెళ్లాలి. ఈ సంగతి తెలియక అప్లికేషన్ అంతా నింపినవాళ్లని చూశాను.

టెంపీ_టు_తెనాలి
అమెరికా వైపు నేను. మూడో ఏడు, కంప్యూటర్ ఆర్కిటెక్చర్. బీటెక్‌తో నేరుగా పీహెచ్‌డీ తీసుకోవడం ఇక్కడ మామూలు విషయం. ట్యూషన్ మాఫీ, టీఏనో (టీచింగ్ అసిస్టెంట్) ఆర్‌ఏనో (రీసెర్చ్ అసిస్టెంట్) ఇచ్చి స్టైపెండ్. జీఆర్‌ఈ చాలా డిపార్ట్‌మెంట్లు అడగడం మానేశాయి. డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్ మొదటి పదిహేను రోజుల్లో. అప్లికేషన్ ఫీజు ఒక్కోదానికి వంద డాలర్ల దాకా అవుతుంది, ఫీజు మాఫీ అడిగితే ఇచ్చేవి ఉన్నాయి, అడగడానికి సిగ్గుపడొద్దు. ఆఫర్ వచ్చాక "రెండు రోజుల్లో చెప్పు" అని తొందరపెడితే కంగారు పడకండి, ఫండింగ్ ఉన్న ఆఫర్‌కి ఏప్రిల్ 15 వరకు టైమ్ ఇవ్వాలన్న ఒప్పందం మీద చాలా యూనివర్సిటీలు సంతకం పెట్టాయి.

ఇది మంచి వార్త. చెడ్డది ఏంటంటే 2025 నుంచి గాలి మారింది. ఫెడరల్ నిధులు కోసేసరికి చాలా చోట్ల సీట్లు తగ్గించారు, కొన్ని యూనివర్సిటీలు ఇచ్చిన ఆఫర్లనే వెనక్కి తీసుకున్నాయి. మే నెలాఖరులో వీసా ఇంటర్వ్యూ స్లాట్లు కొన్ని వారాలు ఆపేశారు. సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ మీద లక్ష డాలర్ల ఫీజు అన్నారు. చదువు అయ్యాక ఉద్యోగం సంగతి అందుకే లెక్కలోకి తీసుకోండి. నేను రావద్దు అనట్లేదు. ఒక్క అమెరికా మీదే అన్నీ పెట్టొద్దంటున్నా. ప్రొఫెసర్‌తో మాట్లాడినప్పుడు మర్యాదగానే అడగండి, "మీ గ్రాంట్ ఎప్పటివరకు ఉంది, అది అయిపోతే నాకు టీఏ గ్యారంటీ ఉందా" అని. మంచివాళ్లు సూటిగా చెప్తారు. నీళ్లు నమిలితే అదే జవాబు.

పాత_కాపు
తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందరూ దేశాలూ రేట్లూ చెప్తున్నారు. నేను మూడో ఏడు మధ్యలో వదిలేసి వచ్చినవాడిని. సంస్థ పేరు చెప్పను, పేరు వింటే మీ ఇంట్లోవాళ్లు స్వీట్లు పంచుతారు. మా గైడ్ వేరే చోట పెద్ద పదవి వచ్చి వెళ్లిపోయారు. నెలకోసారి ఆన్‌లైన్‌లో కనిపించేవారు. నా టాపిక్ తెలిసినవాళ్లు క్యాంపస్‌లో ఇంకెవరూ లేరు. గైడ్‌ని మార్చుకుంటానంటే అందరూ సానుభూతి చూపించారు, ఎవరూ తీసుకోలేదు. ఎందుకంటే వాళ్ల కోటా నిండింది. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) రూల్ ప్రకారం ప్రొఫెసర్‌కి ఎనిమిది మంది, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు, అంతే. ఇది నాకు చేరినప్పుడు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నా మాట ఇది. కాలేజీ పేరు చూసి చేరకండి, మనిషిని చూసి చేరండి. ఆయన దగ్గర ఇప్పటిదాకా ఎంతమంది పూర్తి చేశారు, ఎన్నేళ్లు పట్టింది, మధ్యలో ఎవరు వెళ్లిపోయారు, ఎందుకు వెళ్లారు. వెళ్లిపోయినవాళ్లని పట్టుకుని ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడండి. లోపల ఉన్నవాళ్లు అన్నీ చెప్పలేరు, పాపం వాళ్ల సంతకాలు ఆయన చేతిలో ఉంటాయి.

కంది_క్యాంపస్
పాత_కాపు అన్నతో సగం ఒప్పుకుంటా. మనిషి ముఖ్యమే, కానీ సంస్థ కూడా ముఖ్యమే, ఎందుకంటే మనిషి వెళ్లిపోతే నిన్ను ఆదుకునేది సంస్థే. పెద్ద డిపార్ట్‌మెంట్‌లో నీ టాపిక్ దగ్గర్లో ఇంకో ఇద్దరైనా ఉంటారు. చిన్న చోట గొప్ప గైడ్ ఒక్కడే ఉంటే, ఆయన వెళ్లిన రోజు అన్న పరిస్థితే. డాక్టోరల్ కమిటీలో ఎవరుంటారో కూడా చూసుకోవాలి, మొదటి ఏడాది దాన్ని అందరూ ఫార్మాలిటీ అనుకుంటారు.

పాత_కాపు
సరే, ఒప్పుకున్నా. నీ టాపిక్ దగ్గర్లో ఇద్దరు ఉన్న డిపార్ట్‌మెంట్, వాళ్లలో ఒకరు నీ గైడ్. అలా ఉంటే చాలు.

బ్లాక్‌బోర్డ్_భారతి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను గుంటూరు జిల్లాలో ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్, ఈఈఈ. ఎంటెక్ అయి పదేళ్లు దాటింది, బాబు ఒకటో తరగతి. పీహెచ్‌డీ లేకపోతే అసోసియేట్ అవ్వలేను. ఉద్యోగం వదిలే పరిస్థితి లేదు. పార్ట్ టైమ్ అంటే మా కాలేజీలోనే కొందరు నవ్వుతారు. నిజంగా దానికి విలువ లేదా?

పాత_సైంటిస్ట్
భారతమ్మా, నవ్వనివ్వండి. నేను ప్రభుత్వ ల్యాబ్‌లో పని చేసి రిటైర్ అయ్యాను, థీసిస్‌లు చాలా పరిశీలించాను. పార్ట్ టైమ్‌దా ఫుల్ టైమ్‌దా అని థీసిస్ చదివినప్పుడు నేను ఎప్పుడూ చూడలేదు. పని ఉందా లేదా, అంతే.

2022 యూజీసీ నిబంధనల్లో పార్ట్ టైమ్ స్పష్టంగా ఉంది. మీ కాలేజీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లేఖ) కావాలి, అందులో మూడు సంగతులు ఉండాలి: చదువుకోవడానికి అనుమతి, మీ డ్యూటీలో దానికి సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కి రిలీవ్ చేస్తామని. మూడోది రాయించుకోకుండా చేరొద్దు. ప్రిన్సిపాల్ నోటితో "చూద్దాంలే అమ్మా" అంటే అది ఎన్‌ఓసీ కాదు. గరిష్ఠ కాలం ఆరేళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో ఎనిమిది, ఆడవాళ్లకి మరో రెండేళ్లు, మొత్తం పదేళ్ల దాకా. ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఉంది. ఇవి మీ హక్కులు, ఎవరి దయా కాదు.

మీ కాలేజీలో ఏముందో దాంతో చేయగలిగే సమస్య ఎంచుకోండి. పవర్ సిస్టమ్స్ అయితే సిమ్యులేషన్‌తో చాలా మంచి పని జరుగుతుంది, ఊళ్లో ఫీడర్ల డేటా దొరికితే ఇంకా మంచిది. హైదరాబాద్ ల్యాబ్‌లో మాత్రమే ఉన్న పరికరం మీద ఆధారపడే టాపిక్ తీసుకుంటే ప్రతి శనివారం రైల్లో గడుస్తుంది.

బ్లాక్‌బోర్డ్_భారతి
సార్ చాలా థాంక్స్. ఇంకో మాట. మా వాట్సాప్ గ్రూపుల్లో "స్కోపస్ పేపర్ 20 వేలు, నెలలో అక్సెప్టెన్స్" అని వస్తుంటాయి (స్కోపస్ అంటే జర్నల్స్ జాబితా). మా దగ్గర చాలామంది అలాగే చేశారు. అలా చేయకపోతే థీసిస్ సబ్‌మిట్ అవ్వదా?

హబ్సిగూడ_పిల్ల
అక్కా వద్దు. దయచేసి వద్దు. 2022 నిబంధనలు థీసిస్ ఇచ్చేముందు పేపర్ తప్పనిసరి అన్న రూల్ తీసేశాయి. అయితే యూనివర్సిటీ సొంతంగా పెట్టుకోవచ్చు, చాలా పెట్టుకున్నాయి, కాబట్టి మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్ చదవండి. యూజీసీ మంచి జర్నల్స్ జాబితా అయిన కేర్ లిస్ట్ కూడా 2025లో ఎత్తేశారు, జర్నల్ మంచిదో కాదో ఇప్పుడు సంస్థలే తేల్చుకోవాలి. ఈ సందులో బ్రోకర్లు రెచ్చిపోతున్నారు. వాళ్లు ఈ రోజు చూపించే జర్నల్ రేపు స్కోపస్ నుంచి తీసేస్తే మీ పేరు మాత్రం గూగుల్‌లో అలాగే ఉంటుంది.

సర్క్యూట్_సుబ్బు
20 వేలు పెట్టి పేపర్ కొన్న సార్లే క్లాసులో కాపీ కొట్టొద్దని చెప్తారు, అదీ కామెడీ

మోడరేటర్_మావయ్య
సుబ్బూ, లెక్చరర్లందరినీ ఒకే గాటన కట్టొద్దు. ఇంకెవరైనా స్కోపస్ బ్రోకర్ల నంబర్లు పెడితే అకౌంట్ తీసేస్తా, పొద్దున్నుంచి ఇప్పటికే ఇద్దరిని పంపించాను. విషయానికి రండి.

గోదారోడు_ఈసీఈ
అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. అన్నీ చదివాక నా లెక్క ఇదీ: ముందు మద్రాస్ ఎంఎస్, ఐఐఎస్‌సీ ఎంటెక్ రీసెర్చ్, ఒకటి రెండు డైరెక్ట్ పీహెచ్‌డీలు. అమెరికా డిసెంబర్‌కి నాలుగైదు, అదీ గ్రాంట్ సంగతి తేలినవాటికే. ప్రొఫెసర్లకి మెయిల్ ఎలా రాయాలో చెప్పండి. నేను రాసినవి ఒక్కదానికీ జవాబు రాలేదు.

టెంపీ_టు_తెనాలి
ఒకటి ఇక్కడ పెట్టు తమ్ముడూ, చూద్దాం.

గోదారోడు_ఈసీఈ
"రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్, ఐ యామ్ ఎ హార్డ్ వర్కింగ్ స్టూడెంట్" అని మొదలై, కింద రెజ్యూమె.

టెంపీ_టు_తెనాలి
మా ప్రొఫెసర్ ఇన్‌బాక్స్‌లో సరిగ్గా ఇదే మెయిల్ రోజూ వస్తుంది, పేరు ఒక్కటే మారుతుంది. కొన్నిసార్లు పైన వేరే ప్రొఫెసర్ పేరు అలాగే ఉండిపోతుంది. నీ దగ్గర వాళ్లందరికీ లేనిది ఒకటుంది, రెండేళ్లు నిజమైన చిప్ మీద వెరిఫికేషన్ చేశావు. అదే మొదటి వాక్యంలో రావాలి. ఆయన ఈ మధ్య పేపర్ ఒకటి పూర్తిగా చదువు, నీ పనిలో నువ్వు చూసినదానికీ ఆ పేపర్‌లో చెప్పినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో ఒక ప్రశ్న అడుగు. కంపెనీ రహస్యాలు మాత్రం బయటపెట్టకు, ఎన్‌డీఏ ఉంటుంది కదా. మొత్తం పది లైన్లు, అంతకంటే వద్దు. ఎస్టీమ్డ్ తీసెయ్.

పాత_సైంటిస్ట్
మన దేశంలో ప్రొఫెసర్‌కి కూడా అలాగే రాయండి. ఇక్కడ మర్యాద ఎక్కువ ఉంటే జవాబు వస్తుందనుకుంటారు. రాదు. జవాబు రాకపోతే రెండు వారాలకి ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే వదిలేయండి. మెయిల్ రాలేదని అప్లై చేయడం మానొద్దు, మన దగ్గర ఐఐటీల్లో సీటు ఇచ్చేది ఇంటర్వ్యూ బోర్డు.

ఎల్బే_ఒడ్డున
ఇంటర్వ్యూలో మీ గోదారోడికి వెరిఫికేషన్ మీద ప్రశ్నలు వస్తాయి అనుకుంటున్నారేమో, వాళ్లు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ బేసిక్స్ అడుగుతారు. బోర్డు మీద చేయమంటారు. ఎంటెక్ అడ్మిషన్‌కి నేను వెళ్లినప్పుడు కూడా అంతే, ప్రాజెక్ట్ గురించి రెండు నిమిషాలు, మిగతాదంతా సెకండియర్ సిలబస్.

గోదారోడు_ఈసీఈ
సెకండియర్ పుస్తకాలు భీమవరంలోనే ఉన్నాయి, దసరాకి వెళ్లి తెచ్చుకుంటా. ఇంకొక్కటే, అమెరికాకి ట్రాన్స్‌స్క్రిప్ట్స్ ఇప్పుడే పెట్టాలా, అడ్మిషన్ వచ్చాకా?

టెంపీ_టు_తెనాలి
అప్లికేషన్‌లో చాలా చోట్ల మార్కుల మెమోలు స్కాన్ చేసి పెడితే చాలు, సీల్ వేసిన ట్రాన్స్‌స్క్రిప్ట్ అడ్మిషన్ వచ్చాక అడుగుతారు. అయినా యూనివర్సిటీ నుంచి రావడానికి టైమ్ పడుతుంది, దసరాకి ఊరెళ్తున్నావు కాబట్టి సెలవులు మొదలయ్యేముందే కాకినాడలో అప్లై చేసెయ్, సెలవుల్లో వెళ్తే కౌంటర్ మూసి ఉంటుంది. రికమెండేషన్ లెటర్లకి మీ బీటెక్ సార్లని కూడా అదే ట్రిప్‌లో కలువు, నీ మేనేజర్ ఒక్కడి లెటర్‌తో సరిపోదు.